పింగ్ వెళ్తోంది, ఎస్‌ఎస్‌హెచ్ వెళ్లట్లేదు. ఫైర్‌వాల్ ఆపేసి వదిలేయొచ్చా?

వద్దండి, దయచేసి ఆ పని చెయ్యకండి. సర్వర్‌కి పింగ్ (మెషీన్ పలుకుతోందా అని చూసే పలకరింపు) వెళ్తోందనీ, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) మాత్రం "నో రూట్ టు హోస్ట్" అంటోందనీ, ఐపీటేబుల్స్, అంటే లైనక్స్ ఫైర్‌వాల్, ఆపితే లాగిన్ అవుతోందనీ మీరే రాశారు. అంటే దొంగ దొరికినట్టే. బహుశా ఫైర్‌వాల్ రూల్స్‌లో ఒక్క లైను తప్పుచోట ఉంది, అంతే.

మా పాత ఆఫీసులో సెంట్‌ఓఎస్ 6 అనే లైనక్స్ మెషీన్ మీద అచ్చం ఇదే జరిగింది. జూనియర్ ఒకతను ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు (సర్వర్‌లో ఆ సర్వీసు వినే తలుపు నంబరు) 22 నుంచి 2222కి మార్చాడు. లైనక్స్‌లోని ఇంకో కాపలా అయిన సెలినక్స్‌లో కొత్త పోర్టు చేర్చాడు. ఐపీటేబుల్స్‌లో -ఏ పెట్టి యాక్సెప్ట్ (లోపలికి రానివ్వు) రూల్ వేసి సేవ్ కూడా చేశాడు. తెరిచి ఉన్న సెషన్ తెగలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకుని లాప్‌టాప్ మూసేశాడు. రాత్రి నాకు ఫోన్.

"అన్నా, రూల్ వేశాను, అయినా రానివ్వట్లేదు. నెట్‌వర్క్ వాళ్లేమో పింగ్ వెళ్తోందిగా, మా వైపు ఏం లేదంటున్నారు."

పాత 22కే ఒకసారి కొట్టి చూడమన్నాను. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని వచ్చింది. ఆ ఒక్క ముక్కతో తేలిపోయింది. 22కి వెళ్లిన ప్యాకెట్ ఫైర్‌వాల్ దాటింది, లోపల ఆ పోర్టు మీద ఎవరూ లేక వెనక్కొచ్చింది. 2222కి వెళ్లింది ఫైర్‌వాల్ దగ్గరే ఆగింది. పేరులో రూట్ అని ఉన్నా రూటింగ్‌తో దీనికి సంబంధం లేదు. రూల్స్ చివర ఉండే రిజెక్ట్ లైను "హోస్ట్ ప్రొహిబిటెడ్" అని ఐసీఎంపీ (పింగ్, ఎర్రర్ కబుర్లు మోసే ప్రోటోకాల్) జవాబు పంపుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని మనకి అలా చూపిస్తుంది. అదే రిజెక్ట్ బదులు డ్రాప్ (జవాబివ్వకుండా పారెయ్యడం) అయితే ఉలుకూ పలుకూ ఉండదు, టైమౌట్ దాకా ఎదురుచూడాల్సిందే.

కన్సోల్‌లోకి (నెట్‌వర్క్ లాగిన్ అక్కర్లేని, మెషీన్ సొంత తెరలోకి) వెళ్లి రూల్స్‌ని -ఎల్, -ఎన్, -వి, --లైన్-నంబర్స్‌తో చూడమన్నాను. లైను 1 ఇప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లకి, 2 ఐసీఎంపీకి, 3 లూప్‌బ్యాక్‌కి (మెషీన్ తనతో తాను మాట్లాడుకునే దారి), 4 పోర్టు 22కి, 5 రిజెక్ట్. అతను వేసిన 2222 రూల్ ఆరోది! దాని ఎదురుగా ప్యాకెట్ల లెక్క సున్నా. నేను ఇటునుంచి లాగిన్‌కి ప్రయత్నించినప్పుడల్లా అయిదో లైను లెక్క పెరుగుతోంది. ఐపీటేబుల్స్ పైనుంచి కిందికి చదువుతుంది, సరిపోయిన లైను దగ్గర తీర్పు చెప్పేస్తుంది. -ఏ చివర తగిలిస్తుంది. కావాల్సింది -ఐ ఇన్‌పుట్ 5, అంటే లోపలికొచ్చే ప్యాకెట్ల రూల్స్‌లో అయిదో చోట, రిజెక్ట్‌కి ముందు దూర్చడం. పింగ్ ఎందుకు వెళ్లిందో, పాత సెషన్ ఎందుకు తెగలేదో వరసగా 2, 1 లైన్లే చెప్తున్నాయి.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, మన కోచింగ్ నోట్సుల్లో మొదటి పేజీలోనే "ఫైర్‌వాల్ స్టాప్, సెలినక్స్ డిజేబుల్" అని రాయిస్తారు. పిల్లలు అదే అలవాటుతో ఉద్యోగాల్లోకి వచ్చి, ఇంటర్నెట్‌కి తగిలించిన మెషీన్ మీదా అదే చేస్తారు. పబ్లిక్ ఐపీ ఉన్న ఏ సర్వర్‌లోనైనా /వార్/లాగ్/సెక్యూర్ (లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఫైలు) తెరిచి చూడండి, రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పేరుతో లోపలికి రావాలని ఎన్ని ప్రయత్నాలో! "-ఎఫ్ కొట్టెయ్, అన్నీ పోతాయి" అనే సలహా ఇంకా ఘోరం. దాంతో రూల్స్ పోతాయి, ఏ రూలూ సరిపోనప్పుడు అమలయ్యే పాలసీ పోదు. ఇన్‌పుట్ పాలసీ డ్రాప్ అని ఉంటే, ఎంటర్ కొట్టిన క్షణంలో మీరే బయట పడతారు.

మీదీ సెంట్‌ఓఎస్ 6 అయితే 2020 నవంబరుతోనే దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి, ఫైర్‌వాల్ ఆపడానికి అంతకంటే చెడ్డ చోటు లేదు.

దూరం నుంచి రూల్ మార్చేముందు ఐపీటేబుల్స్-సేవ్‌తో ఇప్పుడున్నవి ఒక ఫైల్‌లోకి తీసుకోండి. అయిదు నిమిషాల తర్వాత ఆ ఫైల్‌ని తిరిగి ఎక్కించేలా, చెప్పిన టైముకి పని చేసిపెట్టే "ఎట్" కమాండ్‌తో ఒక జాబ్ పెట్టండి. అప్పుడు మార్చండి. ఉన్న సెషన్ మూయకుండా, ఇంకో టెర్మినల్ నుంచి కొత్తగా లాగిన్ అయి చూడండి. అయ్యాకే జాబ్ తీసేసి, రూల్స్ సేవ్ చెయ్యండి.