ఆ నీలం రంగు ఎక్కడిది?

పదకొండో తరగతి చరిత్రలో జపాన్ పాఠాన్ని చిత్రాలతో, అనిమేతో (జపాన్ యానిమేషన్ సినిమాలు, సీరియళ్లతో) చెప్పవచ్చా, లేక అది ఉత్త కాలక్షేపం అవుతుందా అని అడిగారు. నేను కొన్నేళ్లుగా అలాగే చెబుతున్నాను. తప్పకుండా చెప్పండి. పాఠం అయ్యాక చూపించే అలంకారంగా మాత్రం వద్దు. బొమ్మతోనే పాఠం మొదలుపెట్టండి.

నేను జపాన్ చిత్రకారుడు హొకుసాయి వేసిన పెద్ద అల చిత్రంతో మొదలుపెడతాను. 1831 ప్రాంతంలో చెక్క అచ్చులతో ముద్రించిన బొమ్మ అది. రెండు బెంచీలకు ఒకటి చొప్పున రంగు ప్రతులు ఇచ్చి, ఐదు నిమిషాలు నేనేమీ మాట్లాడను. ముందు అల ఒక్కటే కనిపిస్తుంది. తర్వాత ఎవరో మూడు పడవలున్నాయంటారు. ఇంకాసేపటికి వాటిలో ఒదిగి కూర్చున్న మనుషులు, వెనక చిన్న గుట్టలా ఫుజి పర్వతం. అప్పుడు అడుగుతాను, ఆ ముదురు నీలం ఎక్కడిదని. అది బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ నీలం. 1630ల్లోనే జపాన్ విదేశీయులకు తలుపులు మూసుకుందని చదివిన పిల్లలు అక్కడ ఆగిపోతారు. మరి రంగు ఎలా వచ్చింది? నాగసాకి రేవులో డచ్చి, చైనా వర్తకుల ద్వారా. తలుపులు వేసినా కిటికీ తెరిచే ఉంచారని వాళ్లే తేల్చుకుంటారు. అదే డచ్చి వర్తకుల కంపెనీకి మన మచిలీపట్నంలోనూ వర్తక స్థావరం ఉండేది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు వాళ్ల ఓడల్లో జపాన్ చేరాయి. ఈ మాట చెప్పగానే వెనక బెంచీల వాళ్లు కూడా నిటారుగా కూర్చుంటారు.

అనిమే సంగతి మనకంటే పిల్లలకే ఎక్కువ తెలుసు, దాన్ని వాడుకోండి. 'డీమన్ స్లేయర్' కథ తైషో కాలంలో (1912–26) జరుగుతుంది. అందులో రైలెక్కే ముందు కత్తులు దాచుకుంటారు. ఎందుకని అడిగితే "పోలీసులు పట్టుకుంటారు" అని ఠక్కున చెప్పారు. కత్తి ధరించి తిరగకూడదన్న ఆ నిషేధం 1876 నాటిది. తరతరాలుగా సమురాయ్ యోధుడి నడుముకు వేలాడిన హోదా ఒక్క ఉత్తర్వుతో పోతే ఆ మనిషికి ఎలా ఉంటుందని పీరియడ్ అంతా వాదించుకున్నారు. మరుసటి ఏడాది సమురాయ్‌లు చేసిన సత్సుమా తిరుగుబాటు ఎందుకు వచ్చిందో నేను విడిగా వివరించాల్సిన పని పడలేదు.

యుద్ధకాలం దగ్గర మాత్రం జాగ్రత్త. మొదటి ఏడాది 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' (1988) చూపించి వదిలేశాను. 1945లో కోబె మీద జరిగిన బాంబుదాడిలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ల కథ అది. పిల్లలు ఏడ్చారు. జపాన్ అంటే దెబ్బతిన్న దేశమన్న ఒక్క ముక్కే వాళ్లకు గుర్తుండిపోయింది. ఆ తప్పు నాది. ఇప్పుడు సినిమాకు ముందే గోడకు పటం తగిలించి జపాన్ ఆక్రమించిన చోట్లు, 1910 కొరియా, 1931 మంచూరియా, 1937 నాన్‌జింగ్, వాళ్ల చేతే గుర్తు పెట్టిస్తాను. కిందటేడు సినిమా అయ్యాక ఒక అమ్మాయి కళ్లు తుడుచుకుంటూనే చెయ్యెత్తింది.

"వాళ్ల నాన్న నౌకాదళంలో కదా సార్, ఆయన ఓడ ఈ పటంలో ఎక్కడెక్కడికి వెళ్లి ఉంటుంది?"

అందరం మళ్లీ పటం దగ్గరికి వెళ్లాం.