కాన్వీలో రైలు ఎందుకు ఆగలేదు?

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు ఇంగ్లండ్‌లో చెస్టర్‌లో ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు వేల్స్‌లోని కాన్వీ కోట చూద్దామని రైలెక్కాం. రైలు కోట పక్కనుంచే వెళ్లింది, స్టేషన్ బోర్డు కూడా కనిపించింది, కానీ ఆగలేదు! బ్యాంగర్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాల్సి వచ్చింది. అంత పేరున్న ఊళ్లో అంత చిన్న స్టేషనేంటి? అసలు పాత గోడల మధ్యలోంచి పట్టాలు ఎలా వేయనిచ్చారు?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: కోట కళ్లముందే దాటిపోతుంటే ఎంత ఉసూరుమనిపించి ఉంటుందో అర్థమైందమ్మా. కాన్వీ ‘రిక్వెస్ట్ స్టాప్’, అంటే దిగేవాళ్లు గార్డుకి చెబితేనో, ఎక్కేవాళ్లు చెయ్యెత్తితేనో ఆపుతారు. ఆ సంగతి చివర్లో చెప్తాను, ముందు పట్టాల కథ వినండి.

ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283లో కోటతో పాటే ఊరి చుట్టూ గోడ కూడా మొదలుపెట్టించాడు. 1.3 కిలోమీటర్ల గోడ, 21 బురుజులు. ఆరొందల ఏళ్లు కావస్తుండగా, 1840ల్లో, ఐర్లండ్ వెళ్లే ప్రయాణికుల కోసం, టపా కోసం చెస్టర్ నుంచి హోలీహెడ్ రేవు దాకా రైలు మార్గం వేయాలనుకున్నారు. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, మధ్యలో నది, నది దాటగానే ఈ ఊరు. ఇంజినీరు రాబర్ట్ స్టీఫెన్‌సన్ పట్టాల్ని గోడల లోపలినుంచే తీసుకెళ్లాడు. కానీ గోడని పగలగొట్టి అలా వదిలెయ్యలేదు, పాత రాతిపనిలో కలిసిపోయేలా, ఐరోపా పాత చర్చిల్లో కనిపించే గోథిక్ తరహా కమాను కట్టించాడు. నాకు ఈ స్టేషన్ చరిత్రలో అన్నిటికన్నా నచ్చేది ఆ కమానే.

నది మీది వంతెన ఇంకా విచిత్రం. రైలు వంతెన పైన కాదు, లోపల పోతుంది! పెద్ద ఇనప పెట్టెలాంటి గొట్టం, సుమారు 400 అడుగుల పొడవు, వెయ్యి టన్నులకు పైగా బరువు. ఒడ్డునే తయారుచేసి, 1848 మార్చిలో ఆటుపోట్లు చూసుకుని పడవల్లాంటి తెప్పల మీద నదిలోకి తేల్చి, నీటి ఒత్తిడితో పనిచేసే జాకీలతో పైకి లేపారు. మొదట ఒక్క గొట్టమే, రెండోది 1849లో వాడకంలోకి వచ్చింది. రెండు చివర్లా కోటకు నప్పేలా రాతి బురుజులు కట్టారు. 1899లో కింద అదనంగా స్తంభాలు పెట్టారు, అంతే, ఇవాళ్టికీ రైళ్లు అందులోంచే వెళ్తున్నాయి. ఇదే పద్ధతిలో కట్టిన బ్రిటానియా వంతెన మాత్రం 1970లో అగ్నిప్రమాదంలో పాడైపోయి రూపం మారిపోయింది.

చెస్టర్–బ్యాంగర్ లైను 1848 మే 1న మొదలైంది, కాన్వీ స్టేషనూ అప్పటిదే. తర్వాత 1960ల్లో బ్రిటన్ అంతటా రైల్వే నష్టాలు తగ్గించాలని చిన్న స్టేషన్లు వరసగా మూసేశారు కదా, ఆ ఊపులో 1966 ఫిబ్రవరి 14న దీన్నీ మూసేశారు. పాత భవనం కూల్చేశారు. పట్టాలున్నాయి, రైళ్లు ఊరి నడిబొడ్డునుంచే పోతున్నాయి, ఏదీ ఆగదు. రైలెక్కాలంటే నది అవతల లాన్‌డిడ్నో జంక్షన్‌కి వెళ్లాలి. మీకు ఒక్కరోజు జరిగింది ఆ ఊరివాళ్లకి 21 ఏళ్లు జరిగింది! 1986లో కోటకీ గోడకీ యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు కూడా స్టేషన్ మూతబడే ఉంది. 1987 జూన్ 29న మళ్లీ తెరిచారు, పొట్టి ప్లాట్‌ఫారాలతో. మీరు చూసింది ఆ స్టేషనే. పొడవాటి రైలైతే అన్ని పెట్టెలూ ప్లాట్‌ఫారానికి అందవు.

కాబట్టి ఈసారి వెళ్తే ముందు టైంటేబుల్ చూసుకోండి, కొన్ని రైళ్లు అడిగినా ఆగవు. ఎక్కగానే గార్డుకి చెప్పి, ఏ తలుపు తెరుస్తారో కూడా అడగండి. తిరిగొచ్చేటప్పుడు డ్రైవర్‌కి కనిపించేలా నిలబడి చెయ్యెత్తండి. లాన్‌డిడ్నో జంక్షన్ దాటిన కాసేపటికి కిటికీ బయట ఒక్కసారిగా చీకటవుతుంది, అదే ఆ ఇనప గొట్టం. అప్పటికే సంచులు సర్దుకుని తలుపు దగ్గరికి వచ్చెయ్యండి.