బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో హై-రెజ్ పాటలు వింటే తేడా తెలుస్తుందా?

దాదాపు తెలియదు. సీడీలో (16 బిట్లు, సెకనుకు 44,100 నమూనాలు, అంటే 44.1 కిలోహెర్ట్జ్) అందులో సగం, 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది, చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు, వయసు మీదపడితే ఇంకా తక్కువే. హై-రెజ్, అంటే సీడీని మించిన 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ లాంటివి, మిక్సింగ్ చేసేవాళ్లకు పనికొస్తాయి. వినేవాళ్లకు మిగిలేది ఫోన్ నిండిపోవడమే: నాలుగు నిమిషాల పాట కుదించకపోతే 276 ఎంబీ, సీడీలో అదే 42.

పైగా బ్లూటూత్. సీడీ పాటకే సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతుల్లో ఒకటైన ఎల్‌డాక్ మహా అయితే 990 పంపుతుంది, సిగ్నల్ తగ్గితే 330కి పడిపోతుంది. ఎంత పెద్ద ఫైలైనా దారిలో నలిగిపోవాల్సిందే.

నమ్మకం లేకపోతే వైర్డ్ హెడ్‌ఫోన్స్‌తో, హై-రెజ్ ఫైలునే 256 కేబీపీఎస్ ఏఏసీగా (కుదించిన ఫైలుగా) మార్చి, రెండింటినీ ఫూబార్2000 అనే ప్లేయర్‌లోని ఏబీఎక్స్ ప్లగిన్‌లో (ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించి గుర్తుపట్టమంటుంది) 16 సార్లు పోల్చండి. 12 కూడా సరిగ్గా చెప్పలేకపోతే గుడ్డిగా ఊహించినట్టే. వాల్యూమ్ సమానంగా ఉండాలి, కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది.

ఇయర్‌బడ్స్‌లో బేస్ పలచగా ఉంటే ముందు సిలికాన్ టిప్ సైజు మార్చి చూడండి.