స్టేజీ మీద డాన్స్ ఫొటోలకు ఏ కెమెరా తీసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. మా దగ్గర 20 మెగాపిక్సెల్స్, 8 రెట్ల జూమ్ ఉన్న చిన్న కెమెరా ఉంది, లెన్స్ మీద 3.3-6.3 అని రాసుంది. ఎండలో ఫొటోలు బాగానే వస్తాయి గానీ ఆడిటోరియంలో ప్రోగ్రామ్ తీస్తే చేతులు మసకమసగ్గా, ముఖం మీద రంగు చుక్కలు. ఫోన్‌లో జూమ్ చేస్తే ఇంకా ఘోరం. పెద్ద కెమెరా మోయలేను, హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టాలి. 30 వేలకు మించి పెట్టలేం. షాపులో 40 రెట్ల జూమ్ ఉన్నది తీసుకోమంటున్నారు, తీసుకోవచ్చా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: వద్దండి. అది కొంటే డబ్బులు ఖర్చవుతాయి, ఫొటోలు మాత్రం ఇప్పటిలాగే వస్తాయి. మీకు తక్కువైంది జూమ్ కాదు, వెలుతురు. వెలుతురు చాలనప్పుడు కెమెరా షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఈలోపు అమ్మాయి చెయ్యి కదిలిపోతుంది, మీకు కనిపించే మసక అదే. అదీ చాలక ఐఎస్ఓని, అంటే ఉన్న కొద్ది వెలుతురునే ఎక్కువ చేసి చూపించే సెట్టింగ్‌ని, పెంచేస్తుంది, ఆ రంగు చుక్కలు దానివల్లే. 40 రెట్ల జూమ్ ఉన్న చిన్న కెమెరాల్లో సెన్సర్, అంటే ఫొటోని పట్టే చిప్, మీ పాతదాంట్లో ఉన్నంతే ఉంటుంది, అంటే సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు, చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. పైగా జూమ్ లాగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు ఇంకా తగ్గుతుంది. మెగాపిక్సెల్స్ గురించి అసలు ఆలోచించకండి, ఉన్న 20 చాలు.

మీరు చూడాల్సింది ‘1 అంగుళం సెన్సర్’ అని రాసి ఉన్న కెమెరా. అంగుళం అన్నది పేరుకే, కొలిస్తే అది 13.2 మి.మీ. వెడల్పు, 8.8 మి.మీ. ఎత్తు ఉంటుంది, విస్తీర్ణంలో మీదానికి నాలుగు రెట్లు. ఆ తర్వాత లెన్స్ చుట్టూ రాసిన అంకెల్లో రెండోది చూడండి, జూమ్ పూర్తిగా లాగినప్పుడు లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పేది అదే. అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. మీ కెమెరాలో 6.3 ఉంది కదా, అదే 2.8 ఉన్న లెన్స్ అయితే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. ఈ రెండూ కలిస్తే తేడా మొదటి ఫొటోలోనే తెలుస్తుంది.

కొత్తవి మీ బడ్జెట్‌లో రావు, సెకండ్‌హ్యాండ్‌కి వెళ్లండి. మీ అవసరానికి నా మొదటి ఓటు 2014లో వచ్చిన కెనాన్ జీ7ఎక్స్‌కి. 24-100 మి.మీ. జూమ్ (అంటే సుమారు నాలుగు రెట్లు), 1.8-2.8 లెన్స్, నాలుగైదు వరుసల వెనక కూర్చున్నా పని జరుగుతుంది. అయితే రీల్స్ చేసేవాళ్లంతా దీని వెంట పడటంతో పాతవాటికీ రేటు పెరిగిపోయింది, కాస్త ఓపిగ్గా వెతకాలి. అదే ఏడాది వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 మూడో మోడల్ లెన్స్ కూడా 1.8-2.8, పైగా కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంది, కానీ జూమ్ 70 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది, ముందు వరుసలో సీటు దొరికితేనే తీసుకోండి. 2012 నాటి మొదటి ఆర్ఎక్స్100 వీటికన్నా చవగ్గా దొరకొచ్చు, సెన్సర్ మంచిదే, జూమ్ లాగితే మాత్రం లెన్స్ అంకె 4.9కి చేరి వెలుతురు తగ్గిపోతుంది. పెళ్లిళ్లకి, టూర్లకి హాయిగా వాడుకోవచ్చు గానీ స్టేజీకి నేను చెప్పను.

కొనేముందు కెమెరా చేతిలోకి తీసుకుని చూడాల్సిందే, కొరియర్‌లో తెప్పించుకోకండి. ఆన్ చేసి జూమ్ చివరిదాకా నాలుగైదుసార్లు లాగండి, లెన్స్ గరగరమన్నా, మధ్యలో తటపటాయించినా అక్కడే వదిలేయండి, ఈ రకం కెమెరాల్లో ఎక్కువగా పాడయ్యేది ఆ మోటారే. ఫోన్ టార్చి వేసి లెన్స్‌లోకి ఏటవాలుగా చూడండి, సాలెగూడులాంటి సన్నటి పోగులు కనిపిస్తే ఫంగస్ అన్నమాట. మీది సముద్రపు ఊరు కాబట్టి కొన్నాక కూడా గాలి చొరబడని డబ్బాలో, సిలికాజెల్ ప్యాకెట్లు వేసి దాచుకోవాలి. చివరగా లెన్స్ అంకెని ఎఫ్11కి పెట్టి తెల్లగోడని ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, నల్ల మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము చేరినట్టే. సోనీ అయితే మెనూ కూడా తెరవండి, జపాన్ మార్కెట్ కోసం చేసినవాటిలో జపనీస్ తప్ప వేరే భాష ఉండదు.

ఇక ప్రోగ్రామ్ రోజు ఫ్లాష్ ఆపేయండి, అది అంతదూరం పోదు, నాట్యం చేసే పిల్లలకి ఇబ్బంది కూడా. ఆటోలో వదిలేయకుండా షట్టర్ 1/250 సెకను, ఐఎస్ఓ గరిష్ఠంగా 3200 పెట్టుకోండి. వెనక నల్ల తెర ఉంటే కెమెరా మొత్తం చీకటనుకుని ముఖాన్ని తెల్లగా కాల్చేస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) మైనస్ 1కి తగ్గించండి, మేకప్ రంగులు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. అడుగులు వేగంగా పడేటప్పుడు కాకుండా, జతి ముగిసి భంగిమలో నిలబడ్డ ఆ క్షణంలో నొక్కండి. అమ్మాయి పాఠం మీరు రోజూ చూస్తుంటారు కాబట్టి ఆ క్షణం ఎప్పుడొస్తుందో పక్కనున్న ప్రొఫెషనల్ కన్నా మీకే బాగా తెలుస్తుంది.

ప్రశ్న: పెదనాన్నగారి బీరువాలో 2005 నాటి డిజిటల్ కెమెరా దొరికింది. 64 జీబీ కార్డు వేస్తే ఎర్రర్ వస్తోంది. పాడైనట్టేనా? (ఒక విద్యార్థి, వరంగల్)

జవాబు: కెమెరా పాడైందని టెన్షన్ పడొద్దు, కార్డు వల్లే అయ్యుంటుంది. 2 జీబీ దాటిన ఎస్‌డీహెచ్‌సీ కార్డులు 2006లో వచ్చాయి, 32 జీబీ దాటినవి 2009లో. అంతకుముందు తయారైన కెమెరా వాటిని గుర్తుపట్టదు. 2 జీబీ లేదా 1 జీబీ మామూలు ఎస్‌డీ కార్డు సంపాదించి, కెమెరాలోనే ఫార్మాట్ చేసి చూడు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఛార్జింగ్ పెట్టకు, కొత్తది కొనుక్కో.