ఎఫ్-1 ఇంటర్వ్యూకి ముందు మీ తమ్ముణ్ణి నాన్నగారి పక్కన కూర్చోబెట్టండి

మీ తమ్ముడికి చెన్నైలో అమెరికా స్టూడెంట్ వీసా, అంటే ఎఫ్-1 ఇంటర్వ్యూ ఉందనీ, కన్సల్టెన్సీ వాళ్ళు ప్రశ్నలు, జవాబులతో ఒక ఫైలు ఇచ్చారనీ, అది బట్టీ పడితే చాలా అనీ అడిగారు. చొక్కా ఏ రంగుదైతే మంచిదని కూడా అడిగారు. మాది కోడంబాక్కం. ఒంగోలు, కందుకూరు వైపు మా బంధువుల పిల్లల్లో వీసాకి వచ్చే ప్రతివాడూ మా ఇంట్లోనే దిగుతాడు. హైదరాబాద్‌లో స్లాట్ దొరకకపోతే అందరికీ గుర్తొచ్చేది నేనే. కాబట్టి ఈ విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది, ఏమీ అనుకోకండి.

ఆ ఫైలు పక్కన పడేయమనండి. ఇంటర్వ్యూ అంటే ఎదురెదురుగా కుర్చీలేసుకుని కూర్చోవడం కాదు. అద్దం అవతల ఆఫీసరు, ఇవతల మనవాడు నిలబడి, రెండు మూడు నిమిషాలు మాట్లాడటం. అంతే. మీ తమ్ముడు మోసుకెళ్ళే కాగితాల్లో చాలావాటిని వాళ్ళు అడగనే అడగరు. అమెరికా వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం వచ్చిన ప్రతివాడూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే ముందు అనుకుంటారు. కాదని చూపించుకోవాల్సింది మనమే. ఆ సెక్షన్ కింద కాదన్నారంటే అప్పీలు లేదు. మళ్ళీ 185 డాలర్ల ఫీజు కట్టుకుని మొదటి నుంచి రావాలి. కన్సల్టెన్సీ ఫైల్లోని జవాబే ఆ ఆఫీసరు పొద్దుటి నుంచి పదిమంది నోట వినుంటే మనవాడిని ఎందుకు నమ్మాలి?

మా బాబాయి కొడుకు, వాళ్ళబ్బాయి వచ్చినప్పటి సంగతి చెబుతాను. వాళ్ళది కొండపి వైపు. వేలిముద్రలు ఇచ్చే పని ముందురోజే అయిపోయింది. రాత్రి వాడు డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ, "మై ఫాదర్ ఈజ్ యాన్ అగ్రికల్చరిస్ట్, హిజ్ యాన్యువల్ ఇన్‌కమ్ ఈజ్..." అని ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పుకుంటున్నాడు. ఇడ్లీ పళ్ళెం చేతికిస్తూ అడిగాను, "ఒరేయ్, మీ నాన్న ఈ ఏడు ఎన్ని ఎకరాలు వేశాడురా? ఎంతకి అమ్మాడు?" అని. వాడు ఫైలు తెరిచాడు! ఆరో తరగతి నుంచి హాస్టళ్ళలో పెరిగిన పిల్లాడు, ఇంటికొచ్చేది సంక్రాంతికీ వేసవికీ. ఈ రెసిడెన్షియల్ కాలేజీల గురించి మొదలుపెడితే నేను ఇప్పట్లో ఆపను గానీ, కన్నతండ్రి ఏం చేసి ఫీజు కడుతున్నాడో తెలియకుండా పిల్లల్ని పెంచడం ఏం చదువండీ?

తండ్రిని పిలిచి పక్కన కూర్చోబెట్టాను. "తమ్ముడూ, నువ్వే చెప్పు వాడికి" అన్నాను. మొదట మొహమాటపడ్డాడు. తర్వాత గోడమీది క్యాలెండర్లో పాత కాగితం చించి, దాని వెనక లెక్కలు వేస్తూ మొదలుపెట్టాడు. వర్జీనియా పొగాకు, ఆకు ఆరబెట్టే బ్యారన్లు రెండు, ఆకు కర్రలకు అల్లే కూలీలకు ఎంత, పుల్లలకు ఎంత, పొగాకు బోర్డు వేలం కేంద్రంలో బేళ్ళకు ఏ రేటు పలికింది, డబ్బు నేరుగా బ్యాంకులో ఎలా పడుతుంది, అన్నీ. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఐటీ రిటర్నుల్లో అదెక్కడా పెద్దగా కనబడదు, అందుకే ఆదాయ ధ్రువపత్రం విడిగా తీసుకున్నానని చెప్పాడు. చివర్లో, మెల్లిగా, "చెరువు కింద పొలం బ్యాంకులో పెట్టాంలే" అన్నాడు. పిల్లాడికి లోన్ సంగతి తెలుసు. దానికి ఏ పొలం పెట్టారో తెలియదు. కాసేపు ఇడ్లీ కెలుకుతూ ఉండి, "వడ్డీ నెలకెంత నాన్నా?" అని అడిగాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు కిటికీ దగ్గర ఆవిడ అడిగింది మూడో నాలుగో ప్రశ్నలు. ఆ యూనివర్సిటీ ఎందుకు, డబ్బు ఎవరు పెడుతున్నారు, మీ నాన్న ఏం చేస్తారు. వీడు పొగాకు అన్నాడట. ఎక్కడ అమ్ముతారని అడిగితే వేలం ఎలా జరుగుతుందో చెప్పాడట, ఇంగ్లీషు కాస్త తడబడినా. పాస్‌పోర్టు అక్కడే ఉంచేసుకున్నారు, అంటే వీసా వచ్చినట్టే. ఆ క్యాలెండర్ కాగితం వల్లే వచ్చిందని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఇంకో మాట. కొన్నిచోట్ల "ఫండ్స్ మేం చూపిస్తాం, కమిషన్ ఇవ్వండి" అంటూ నాలుగు రోజులు ఖాతాలో డబ్బు వేసి తీసేస్తారు. ఆ జోలికి పోవద్దు. అబద్ధం చెప్పారని, దొంగ కాగితాలు పెట్టారని తేలితే అది 214(బి)తో పోదు, జీవితాంతం అమెరికా గుమ్మం తొక్కనివ్వకుండా చేసే సెక్షన్ వేరే ఉంది. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాలవాళ్ళు వాటిని పబ్లిక్‌గా పెట్టాలంటున్నారు. ఇంటర్వ్యూ ముందురాత్రి పోస్టులు చెరిపేసే హడావుడి కంటే ఇప్పుడే ఒకసారి చూసుకోమనండి. యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం, విద్యార్థుల వివరాల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్ల రసీదు, డీఎస్-160 కన్ఫర్మేషన్, పాస్‌పోర్టు, ఇవి పైనే ఉండాలి. మిగతావి కింద.

ఇక ప్రయాణం. ఒంగోలు, నెల్లూరు వైపు బస్సయితే మాధవరంలో దింపుతుంది. అక్కణ్ణుంచి మౌంట్ రోడ్డు దగ్గరేం కాదు, కాబట్టి ముందురోజు పొద్దున్నే చేరండి. ఇంటర్వ్యూ జరిగే కాన్సులేట్ ఆ రోడ్డు మీదే, జెమినీ ఫ్లైఓవర్ పక్కనే. "అమెరికన్ కాన్సులేట్" అనగానే కొందరు ఆటోవాళ్ళు రేటు రెట్టింపు చేస్తారు. జెమినీ అని మాత్రం చెప్పండి. ఫోన్ లోపలికి రానివ్వరు, మీ దగ్గరే ఉంచుకోండి. మీరు కూడా లోపలికి వెళ్ళలేరు. ఎండలో ఆ గోడ పక్కన నిలబడకుండా కెథడ్రల్ రోడ్డు మీద సెమ్మొళి పూంగా అనే పార్కుకి వెళ్ళి కూర్చోండి. ఒకప్పుడు వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్ హోటల్ ఉన్న చోటే అది, చెట్లు బాగుంటాయి. మొక్కులుంటే విమానాశ్రయం దగ్గర పళవంతాంగల్‌లో వీసా గణపతి గుడి ఉంది, ముందురోజు సాయంత్రం వెళ్ళిరావచ్చు.

చొక్కా ఏ రంగుదైనా ఒకటే. ఇస్త్రీ చేసింది వేసుకోమనండి. బూట్లు మాత్రం కొత్తవి వద్దు. ఆ క్యూలో చాలాసేపు నిలబడాలి, మా వాడికి మడమ బొబ్బలెక్కింది.