బిడ్డ వేరే ఇంటికి వెళ్తే అమ్మానాన్నల అద్దె సాయం ఏమవుతుంది?

బ్రిటన్‌లో కౌన్సిల్ ఇళ్లలో, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లలో, ప్రైవేటు అద్దెలో ఉంటున్న తెలుగు పాఠకుల ప్రశ్నలకు ఈ నెల జవాబులు. లెక్కలకు 2024-25 రేట్లు తీసుకున్నాం. అవి ఏటా ఏప్రిల్‌లో మారతాయి కాబట్టి మీ అవార్డు లెటర్‌లో ఉన్న అంకెలు పెట్టి ఇదే పద్ధతిలో లెక్క వేసుకోండి.

ప్రశ్న: నాకు 69 ఏళ్లు. ఈస్ట్‌హామ్‌లో రెండు పడకగదుల కౌన్సిల్ ఫ్లాట్, అద్దె వారానికి 150 పౌండ్లు. పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న పెన్షన్ వయసువారికి ప్రభుత్వ సాయం), హౌసింగ్ బెనిఫిట్ (కౌన్సిల్ ఇచ్చే అద్దె సాయం) వస్తున్నాయి. ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వచ్చే నెల వేరే ఇంటికి వెళ్తున్నాడు. గది ఖాళీ అయితే డబ్బు కోస్తారని చుట్టుపక్కలవాళ్లు భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా, మీకు వచ్చేది పెరుగుతుంది. ఖాళీ గదికి వేసే కోతను, అదే అందరూ బెడ్రూమ్ ట్యాక్స్ అనేదాన్ని, పెన్షన్ వయసు దాటినవారికి వెయ్యరు. మీ విషయంలో ఇప్పటిదాకా పడుతున్న కోత వేరు, అది మీ అబ్బాయి ఇంట్లో ఉన్నందుకు. 18 దాటిన బిడ్డ కలిసి ఉంటే అద్దెలో కొంత తను ఇస్తున్నాడని కౌన్సిల్ అనుకుని ఆ మేరకు తగ్గిస్తుంది. దీని పేరు నాన్-డిపెండెంట్ డిడక్షన్. అతను మీకు నిజంగా ఇస్తున్నాడా లేదా అన్నది ఎవరూ చూడరు, అతని స్థూల జీతమే చూస్తారు. వారానికి 16 గంటలకన్నా తక్కువ పనిచేస్తుంటే కోత 19.30 పౌండ్లు. అంతకు మించి పనిచేస్తే జీతాన్నిబట్టి పెరుగుతూ, వారానికి 554 పౌండ్లు దాటినవాళ్లకు 124.55 దాకా పోతుంది. మీ అబ్బాయి 600 తెస్తున్నాడనుకుంటే ఇప్పుడు మీకు వచ్చేది వారానికి 25.45 మాత్రమే. అతను వెళ్లాక, తర్వాతి సోమవారం నుంచి మొత్తం 150 రావాలి.

అయితే ఈ పెంపు తనంతట తాను రాదు. నెల లోపల కౌన్సిల్‌కు రాసి చెప్పాలి. నెల దాటితే, ఆలస్యానికి గట్టి కారణం చూపితే తప్ప, చెప్పిన రోజు నుంచే ఇస్తారు. ఎనిమిది వారాలు ఊరుకుంటే పోయేది 996.40 పౌండ్లు. పెన్షన్ క్రెడిట్ ఆఫీసుకు చెప్పాం కదా, వాళ్లే కౌన్సిల్‌కు చెప్తారులే అని నమ్ముకుని నష్టపోయినవాళ్లు చాలామంది. రెండు చోట్లా వేరువేరుగా చెప్పండి.

రుజువుగా అబ్బాయి కొత్త ఇంటి అద్దె ఒప్పందం, ఆ అడ్రసుకు వచ్చిన ఒక బిల్లు ఇవ్వండి. అతని బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు నమోదు ఆ వారంలోనే మార్పించండి. అతని పేరు మీ అడ్రసు మీద ఓటర్ల జాబితాలో ఉండిపోతే, కౌన్సిల్ సరిపోల్చి చూసినప్పుడు అతను ఇంకా అక్కడే ఉన్నాడని కోత మళ్లీ మొదలుపెడుతుంది. అప్పుడు లేడని నిరూపించే పని మీ మీద పడుతుంది.

ఇప్పటిదాకా పడిన కోత ఎంతో కూడా లెటర్‌లో చూడండి. పే స్లిప్పులు ఇవ్వకపోతే కౌన్సిళ్లు గరిష్ఠ రేటే వేస్తాయి. మీకు అటెండెన్స్ అలవెన్స్ (పెన్షన్ వయసులో సంరక్షణ అవసరమైనవారికి ఇచ్చే భత్యం) వస్తుంటే అసలు కోత వెయ్యకూడదు. వేసి ఉంటే సరిచెయ్యమని రాతపూర్వకంగా అడగండి. ఆ అలవెన్స్ ఉన్నవారికి ఇంకో సంగతి ఉంది. ఒంటరిగా ఉంటూ, మీ సంరక్షణకని ఎవరూ కేరర్స్ అలవెన్స్ (సంరక్షకులకు ఇచ్చే భత్యం) తీసుకోకుండా ఉంటే, పెన్షన్ క్రెడిట్‌లో తీవ్ర వైకల్యం కింద వారానికి 81.50 అదనంగా వస్తుంది. ఇన్నాళ్లూ అబ్బాయి ఇంట్లో ఉండడం వల్లే అది రాలేదేమో, అతను వెళ్లిన రోజే అడగండి.

కౌన్సిల్ ట్యాక్స్‌కు వచ్చే సాయంలో కూడా పెద్ద బిడ్డ పేరిట కోత ఉంటుంది, అది పోతుంది. ఇంట్లో ఒక్కరే పెద్దవారు మిగిలారు కాబట్టి 25 శాతం తగ్గింపూ వర్తిస్తుంది. ఆ ఫారం వేరు.

ప్రశ్న: నాకు 50 ఏళ్లు. లెస్టర్‌లో హౌసింగ్ అసోసియేషన్ వారి మూడు పడకగదుల ఇల్లు, అద్దె నెలకు 800 పౌండ్లు, యూనివర్సల్ క్రెడిట్ (పెన్షన్ వయసు రానివారికి అద్దెతో కలిపి నెలనెలా ఇచ్చే ప్రభుత్వ సాయం) మీద ఉన్నాను. పెద్దమ్మాయికి 23, ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తోంది. అబ్బాయికి 14. అమ్మాయి వెళ్తే లాభమా, నష్టమా?

జవాబు: మీ వయసులో రెండు కోతలు ఎదురెదురుగా నిలబడతాయి. అమ్మాయి ఉన్నంతకాలం పెద్ద బిడ్డ వాటాగా నెలకు 91.47 పౌండ్లు తగ్గుతాయి (21 ఏళ్లు నిండనివారికి ఇది లేదు). చేతికి వచ్చే అద్దె సాయం 708.53. అమ్మాయి వెళ్లాక ఈ కోత పోతుంది, కానీ ఒక గది ఎక్కువైందని 14 శాతం పోతుంది, అంటే 112. అప్పుడు వచ్చేది 688. నెలకు 20.53 నష్టం. ఇంటిఖర్చుకు అమ్మాయి ఇచ్చేది పోవడం దీనికి అదనం.

ఈ రేట్లలో అద్దె నెలకు 653 పౌండ్లు దాటితే నష్టం, తక్కువైతే కాస్త లాభం. రెండు గదులు ఖాళీ అయితే కోత 25 శాతం. స్కాట్లాండ్‌లో ఉంటే ఖాళీ గది కోతను అక్కడి ప్రభుత్వం కౌన్సిల్ ద్వారా పూడుస్తుంది.

తేదీ జాగ్రత్త. యూనివర్సల్ క్రెడిట్ రోజులవారీగా లెక్కపెట్టదు. మీ క్రెడిట్ లెక్క నెల 12 నుంచి 11 దాకా అయితే, అమ్మాయి 10న వెళ్లినా ఆ నెలంతా లేనట్టే లెక్క. 12న వెళ్తే కొత్త లెక్క ఆ తర్వాతి చెల్లింపులో కనిపిస్తుంది. ఆన్‌లైన్ ఖాతాలో ఇంట్లో ఉండేవారి మార్పును ఆ నెలలోపే పెట్టండి. 20 పౌండ్ల కోసం కాగితం మీద అమ్మాయిని ఉంచేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి వినకండి. బయటపడితే మొత్తం తిరిగి కట్టాలి, జరిమానా కూడా పడుతుంది.

లోటు పూడ్చుకునేందుకు కౌన్సిల్‌ను అదనపు అద్దె సాయం అడగండి. రెండు గదుల ఇంటికి మారాలనుకుంటే ఇళ్లు పరస్పరం మార్చుకునే పద్ధతి ఉంది, కొత్త చోట మీ టెనెన్సీ హక్కులు తగ్గవని రాతలో చూసుకున్నాకే సంతకం పెట్టండి. యజమాని అనుమతితో గదిని ఒకరికి అద్దెకిస్తే, ఆ అద్దెను యూనివర్సల్ క్రెడిట్ ఆదాయంగా లెక్కించదు. గది మాత్రం ఖాళీదిగానే చూస్తుంది.

ప్రశ్న: మేమిద్దరం 70 దాటినవాళ్లం, ప్రైవేటు ఇంట్లో అద్దెకుంటున్నాం. మాకూ బెడ్రూమ్ ట్యాక్స్ లేదు కదా?

జవాబు: ఆ పేరుతో లేదు. కానీ ప్రైవేటు అద్దెకు సాయం మీ ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గదుల రేటుకే పరిమితం, వయసుతో పనిలేదు. దీన్ని లోకల్ హౌసింగ్ అలవెన్స్ అంటారు. మీతో ఉంటున్న బిడ్డ వెళ్లిపోతే రెండు గదుల రేటు నుంచి ఒక గది రేటుకు దిగుతారు. మీ పోస్ట్‌కోడ్ పెట్టి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రెండు రేట్లూ చూడండి. వాటి తేడా, బిడ్డ పేరిట పడుతూ ఇక తీసేసే కోతకన్నా ఎక్కువైతే మీకు నష్టమే. బిడ్డ కొత్త ఇంటి అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేముందే ఈ లెక్క చూసుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయి మాంచెస్టర్‌లో చదువుతోంది, సెలవుల్లో ఇంటికొచ్చి పనిచేస్తుంది. మా పెన్షన్ వయసు హౌసింగ్ బెనిఫిట్ తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. పూర్తికాల విద్యార్థి పేరిట మీకు కోత లేదు, సెలవుల్లో పనిచేసినా సరే. చదువు ముగిశాక ఇంటికి తిరిగొస్తే వెంటనే చెప్పండి. పెన్షన్ వయసువారికి కొత్తగా వచ్చిన బిడ్డ కోతను 26 వారాలదాకా మొదలుపెట్టకూడదు, ఆ గడువు అడిగి మరీ వాడుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని పూర్తిగా వెళ్లిపోతున్నాడు. ఇల్లు సర్దిపెట్టడానికి నేనూ వెళ్లి మూడు నెలలుందామనుకుంటున్నాను. ఇబ్బందా?

జవాబు: అబ్బాయి వెళ్లడానికి ఇబ్బంది లేదు. ఇక్కడి ఉద్యోగం ముగిసినట్టు కాగితం, అక్కడి అడ్రసు ఇస్తే కోత తీసేస్తారు. ఇబ్బంది మీ ప్రయాణంతోనే. విదేశాల్లో నాలుగు వారాలకు మించి ఉండేట్టు బయల్దేరితే హౌసింగ్ బెనిఫిట్ వెళ్లిన రోజు నుంచే ఆగిపోతుంది. పెన్షన్ క్రెడిట్‌కూ నాలుగు వారాలే. దగ్గరివారు పోయినప్పుడు ఎనిమిది వారాలు, వైద్యానికైతే 26 వారాలదాకా సడలింపు ఉంది. బిడ్డ ఇల్లు సర్దడం వాటిలో లేదు. తిరుగు టికెట్ 27 రోజుల్లోపు తీసుకుని, బయల్దేరేముందు కౌన్సిల్‌కు తేదీలు రాసి పంపండి.