సైట్‌ల పని ఆపే ముందు ఈ ముచ్చట చదువున్రి తమ్మీ (ఆస్ట్రేలియాకు కొత్తగా వచ్చినోళ్ళకు)

నర్సంపేట తమ్ముడు ఒకతను అడిగిండు, "అన్నా, మా బిల్డింగ్ సైట్‌ల యూనియన్ డెలిగేట్ (యూనియన్ తరఫున మాట్లాడే మనిషి) రేపు పొద్దున అందరం పనికి పోకుంట గేట్ దగ్గరనే ఆగుదామంటుండు, నేను ఆగితే వీసా పోతదా" అని. నాది పరకాల, దుబాయ్‌ల ఆరేండ్లు స్టీల్ ఫిక్సింగ్ చేసి పెర్త్ వచ్చిన, ఇక్కడ పన్నెండేండ్లాయె, ఈ సంగతి జీతంల కోత పడ్డంకనే నేర్చుకున్న.

మనం సమ్మెలు చూస్తూ పెరిగినోళ్ళం. సకల జనుల సమ్మె, సింగరేణి సమ్మె, 2019ల ఆర్టీసీ 52 రోజులు. అందుకే పని ఆపుడు మనకు సహజం అనిపిస్తది. ఇక్కడ లెక్క వేరే. జీతాల మీద కంపెనీతోని చేసుకున్న పాత అగ్రిమెంట్ గడువు అయిపోయి, కొత్తదానికి బేరం నడుస్తున్నప్పుడు, ఫేర్ వర్క్ కమిషన్ (పని తగాదాలు చూసే సర్కారు సంస్థ) ఒప్పుకున్న బ్యాలెట్‌ల సమ్మెకు ఓట్లు పడి, కంపెనీకి కనీసం మూడు పనిదినాల ముందు రాతల నోటీసు ఇస్తేనే అది చట్టబద్ధమైన సమ్మె. ఇవి లేకుంట ఆగితే అర్ధగంటైనా చట్టవిరుద్ధమే.

నా కథ చెప్త. ఒకరోజు తీసేసిన క్రేన్ పిల్లగానికి సపోర్ట్ అని స్మోకో అయినంక, అంటే పొద్దున చాయ్ బ్రేక్, షెడ్‌లనే కూసున్నం. ముప్పావుగంట గంతే, బూట్ల బురద ఆరకముందే మళ్ళ పైకెక్కినం. వారం పే స్లిప్ చూస్తే నాలుగు గంటలు లేవు! పేరోల్‌ల పనిచేసే ఆమెను అడిగితే, "నేను ఇచ్చినా నాకే ఫైన్ పడతది" అన్నది, నిజమే, చట్టమే గట్ల ఉంది, తక్కువ ఆగినా నాలుగు గంటల జీతం కోయాల్సిందే, దయతోని ఇద్దామన్నా ఇయ్యరాదు.

కోర్టుకు పోతే ఒక్క మనిషికి పెనాల్టీ 60 యూనిట్ల దాక, 2024 నవంబర్ నుంచి యూనిట్ 330 డాలర్లు, అంటే 19,800. ఉత్తగ బెదిరిచ్చుడు కాదు, 2006ల ఇక్కడి పెర్త్-మాండురా రైల్వే పనుల సమ్మె చేసిన 107 మంది కార్మికుల మీద ఒక్కొక్కరి పేరు పెట్టి కేసు వేసిన్రు. 2023 ఫిబ్రవరిల బిల్డింగ్ కమిషన్ (గిట్ల కేసులు వేసిన సర్కారు ఆఫీసు) ఎత్తేసిన్రు కదా ఇగ భయం లేదు అనేటోళ్ళు ఉన్నరు, ఎత్తేసింది ఆఫీసును, ఈ రూలును కాదు. యూనియన్ కడతది లే అనుకోకున్రి, యూనియన్ దగ్గర తీసుకోకుంట సొంతంగ కట్టాలె అని యూనియన్ ఆఫీసర్‌ను ఆదేశించే అధికారం కోర్టుకు ఉన్నదని 2018ల హైకోర్టు (ఇక్కడ అదే అన్నిటికన్న పెద్ద కోర్టు) చెప్పింది.

కానీ ప్రాణం మీదికి వచ్చేది ఉంటే, స్కాఫోల్డింగ్ ఊగుతుంటే, ఎక్కకున్రి! నిజంగ వెంటనే వచ్చే ప్రమాదమని సహేతుకమైన భయంతోని ఆగితే అది సమ్మె కిందికి రాదు. సూపర్వైజర్‌కు చెప్పాలె, వేరే సేఫ్ పని చూపిస్తే చెయ్యాలె, గంతే.

ఇగ వీసా. ఇది సివిల్ పెనాల్టీ, క్రిమినల్ కేసు కాదు. కానీ స్పాన్సర్ (వీసా ఇప్పిచ్చిన కంపెనీ) పనిల నుంచి తీసేస్తే కొత్త స్పాన్సర్‌ను ఎతుక్కునుటానికి ఒక్కపారి 180 రోజులే. యూనియన్‌ల చేరుడు మన హక్కు, నేను కూడ మెంబర్‌నే, చేరున్రి.

తమ్మీ, ఈ రాత్రికే డెలిగేట్‌ను బ్యాలెట్ రిజల్ట్, నోటీసు కాపీ చూపియ్యమని అడుగు. ఇంగ్లిష్ ఇబ్బంది అయితే 131 450కి ఫోన్ చేసి తెలుగు అని చెప్పు, దుబాసీని పెట్టి ఫేర్ వర్క్ అంబుడ్స్‌మన్‌తోని (పనోళ్ళ హక్కులు చెప్పే సర్కారు ఆఫీసు) మాట్లాడిపిస్తరు. ఆ కాగితాలు ఉంటే నువ్వు గేట్ దగ్గర నిలబడు, లేకుంటే హెల్మెట్ పెట్టుకోని లోపలికి పో.